రాత వేరు, బాస వేరు

ఆమె పోయిన సంగతి నాకు మా నాన్న చెప్పారు. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి వాళ్లమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది నాన్నకి. నాకు కాదు. కాలేజీలో ఏళ్ల తరబడి ఆమెకి ఎదురుబల్ల దగ్గర కూర్చున్నది నేను. ఒకే క్యారేజీలోంచి అన్నం తిన్నది నేను. కబురు మాత్రం నాన్నకి వెళ్లింది. ఏడుపు కంటే ముందు నాకు వచ్చింది ఆ కుళ్లే. దాన్ని దాచిపెట్టి రాస్తే ఇది ఆమె గురించి రాసినట్టు కాదు.

నేను ఆమెకి ఏ కీడూ చెయ్యలేదు. ఎక్కడా అడ్డుపడలేదు, వెనక మాట్లాడలేదు. అసూయ పడ్డాను, అంతే. చాలా నిలకడగా పడ్డాను.

ఎచ్చెర్ల దారిలో ఉన్న మా ఇంజనీరింగ్ కాలేజీకి ఆమె వచ్చేసరికి కంప్యూటర్ డిపార్ట్‌మెంటులో నేను సీనియర్ లెక్చరర్ని. ఆమె పొట్టిగా, గట్టిగా ఉండేది. స్కూటీ మీద వచ్చి, హెల్మెట్ తీశాక చెదిరిన జుట్టు సర్దుకోవాలని కూడా తోచేది కాదు. గదిలోకి రాగానే చెప్పులు బల్ల కింద వదిలేసి, వట్టి కాళ్లతో తిరిగేది. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన గొంతు కాబట్టి మెల్లగా మాట్లాడ్డం చేతనయ్యేది కాదు. ఎవరికైనా తన ఫోన్ చూపించాలంటే ముందు చున్నీ అంచుతో దాని అద్దం తుడిచి, కంచం అందించినట్టు రెండు చేతులతో అందించేది.

ఆమె చేరిన కొత్తలోనే పరీక్షల విభాగం నుంచి విద్యార్థుల పేర్ల ఫైలొకటి వచ్చింది. తెలుగులో ఉండాల్సిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలూ పిచ్చి గుర్తులూ అయి వచ్చాయి. కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ ఒకే పద్ధతిలో చదువుకోవాలి. లేకపోతే ఇలాగే అవుతుంది. ఇలాంటివి బాగుచేయడంలో నాది అందెవేసిన చెయ్యి. ఆ పద్ధతో ఈ పద్ధతో అని ఊహించి, వరసగా ప్రయత్నించి, చదవగలిగేట్టు చేసేదాన్ని. గదిలో అందరూ "మేడమ్ భలే" అనేవాళ్లు. ఆ రోజు నేను మొదలుపెట్టబోతుంటే ఆమె ఫోన్ తీసి పరీక్షల విభాగానికి కొట్టింది.

"బాబూ, మీరు పంపిన ఫైలు ఏ రాతలో ఉన్నాది? అబ్బే, నాను ఊహించను. మీరు సెప్పండి."

అవతలివాడు కనుక్కుని చెప్పాడు. నిమిషంలో పేర్లన్నీ తెలుగయ్యాయి. ఆమె నా వైపు తిరిగి, "తొంబై తొమ్మిది పేర్లు ఊహించి సరిగ్గా పట్టుకున్నా, ఒకడి పేరు తప్పు పడితే ఆడి మార్కుల కాగితం సెడిపోతాది గదే" అంది. నిజమే. కానీ నన్ను "మేడమ్ భలే" అనేవాళ్లు ఆ రోజు అనలేదు.

"ఏ రాత? ఏ బాస?" అనేది ఆమె ఊతపదం. ప్రాజెక్టు చూపించడానికి వచ్చిన ప్రతి విద్యార్థినీ ముందు అదే అడిగేది. రాత వేరు, బాస వేరు అని బోర్డు మీద ఇంగ్లీషులో రాసి కింద గీత గీసేది. మెషీన్లు తమలో తాము అనుకునే సంకేతాలు ఏ భాషలో ఉన్నా ఆమెకి పట్టేది కాదు. మనిషి కంటపడే మాట మాత్రం ఏ లిపో, ఏ భాషో పేరు పెట్టుకుని మరీ బయల్దేరాలి. అది ఆమె పట్టు.

ఇంగ్లీషులో ఎందుకు రాసేదో నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు నోటీసు బోర్డు ముందు నిలబడి, "ఒలే పంతులమ్మా, ఇందులో ఏటి రాసినారో సదువు" అంది. మా నాన్న విజయనగరంలో తెలుగు మాస్టారుగా చేశారని తెలిసిన దగ్గర నుంచి నన్ను పంతులమ్మా అనే పిలిచేది.

"నీకేం, కళ్లద్దాలు మర్చిపోయావా?"

"కాదే. నాకు తెలుగు మాటాడ్డం వచ్చు, సదవడం రాదు. మా ఊర్లో బడి ఒరియా బడి. ఇంట్లో తెలుగు. అంచేత తెలుగు మాటల్ని ఒరియా అక్షరాల్లో రాసీసుకుంటాం. మా అమ్మ సర్చి పాటలన్నీ అలగే రాసుకున్నాది."

ఆ రోజు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తెలుగు మాస్టారి కూతుర్ని నేను. అరసున్నా ఎక్కడ పడాలో చిన్నప్పుడే నేర్చుకున్నదాన్ని. ఈమెకి అ ఆలు రావు. ఇక ఈమె నాకు ఏ విధంగానూ పోటీ కాదు అనుకున్నాను. ఆ హాయి ఆదివారం దాకా నిలిచింది.

ఆ ఆదివారం ఆమెను భోజనానికి పిలిచాను. అప్పటికి నాన్న శ్రీకాకుళంలో నా దగ్గరే ఉంటున్నారు. వడ్డిస్తుండగా ఆమె, "ఓపాలి ఇటు సూడండి పంతులుగారూ, మీ దోసకాయ పప్పు అచ్చం మా అమ్మ సేసినట్టే ఉన్నాది" అంది.

నాన్న చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమన్నావమ్మా?"

"దోసకాయ పప్పనీ..."

"కాదు, దానికి ముందు."

"ఓపాలి అన్నాను. తప్పేటండీ?"

"తప్పు కాదమ్మా. మా నాయనమ్మ పోయాక ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు." ఆయన కళ్లు చెమర్చాయి. "ఇంకోసారి అను."

చిన్నప్పుడు నేనూ ఓపాలి అనేదాన్ని. పెన్సిలుతో నా వేళ్ల మీద కొట్టి, "ఒకసారి అను" అని దిద్దింది నాన్నే. ఏటి అంటే ఏమిటి అని, సూడు అంటే చూడు అని దిద్దింది నాన్నే. నా నోట్లోంచి ఏరి పారేసిన మాటలన్నీ ఆమె నోట విని ఇప్పుడాయన మురిసిపోతున్నారు.

అక్కడితో ఆగలేదు. తెలుగు రాయడం నేర్పిస్తానన్నారు. ఆదివారం ఆదివారం ఆమె వచ్చేది. చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికే. గుణింతాలు వంకరటింకరగా రాసేది, వత్తులు మర్చిపోయేది. నాన్న నవ్వి, "ఫర్వాలేదమ్మా, వస్తుంది" అనేవారు. ఫర్వాలేదు అనే మాట మా నాన్నకి తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు. వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. "ఏటే, సాయం రావాలేటి?" అని అక్కడి నుంచే అరిచేది. ఆమెకి నిజంగానే ఏమీ అర్థమయ్యేది కాదు.

ఇంటర్నెట్‌లో మెషీన్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో నియమాలు రాసే ఇంజనీర్ల బృందాలున్నాయి. లోకం నలుమూలల వాళ్లు మెయిళ్లలో వాదించుకుని, అప్పుడప్పుడు ఆన్‌లైన్‌లో కలుసుకుని నియమాలు తేల్చుకుంటారు. ఎవరైనా చేరవచ్చు. నేను చాలా ముందే ఒక బృందంలో చేరాను. తుఫాను హెచ్చరికల్లాంటి చిన్న చిన్న ప్రకటనలు ఒక మెషీన్ నుంచి ఇంకొకదానికి ఎలా వెళ్లాలో అందులో చర్చ. ఒక్కో మెయిలు పదిసార్లు దిద్దుకుని, మర్యాదగా పంపేదాన్ని. ఎవరో ఒకరు ధన్యవాదాలు అని రాసేవారు. అంతే. ఒకరోజు ఆమె నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏటి రాస్తన్నావే? నన్నూ సేర్చు" అంది. చేర్చాను.

ఆ ఏడాదే పెద్ద తుఫాను వచ్చింది. పర్లాకిమిడిలో వాళ్లమ్మ ఒక్కతే ఉంది. షుగర్ వల్ల చూపు బాగా మందగించింది కాబట్టి, వచ్చిన మెసేజీలన్నీ ఫోనే ఆవిడకి పైకి చదివి వినిపించేది. గాలి మొదలవుతుండగా, తుఫాను కోసం కొత్తగా పెట్టిన వీధివాళ్ల గ్రూపులో ఆవిడకి మెసేజీ వచ్చింది: అందరం చర్చిలోకి వెళ్లిపోతున్నాం, నీకోసం తలుపు తీసి ఉంచాం, బేగి రా. తెలుగు మాటలే, ఒరియా అక్షరాల్లో. ఫోన్ ఆ అక్షరాలు చూసి, ఇది ఒరియా భాష అనుకుంది. ఒరియా పలుకుబడిలో అకారం ఒకారంలా గుండ్రంగా పలుకుతుంది. అందరం కాస్తా ఒందొరొమ్ అయింది, తలుపు తొలుపు అయింది. ఆవిడకి ఒక్క ముక్క బోధపడలేదు. ఏ దుకాణం వాళ్ల ప్రకటనో అనుకుని ఫోన్ పక్కన పెట్టేసింది. రేకులు లేచిపోయిన ఇంట్లో, మంచం కింద, తుఫాను వెళ్లిపోయేదాకా ఒంటరిగా ఉంది. ప్రాణం దక్కింది.

రోడ్లు తెరుచుకున్నాక ఆమె వెళ్లి చూసి వచ్చింది. వచ్చిన రోజు చెప్పులు కూడా విడవకుండా నా బల్ల మీద కూర్చుంది.

"మా అమ్మ ఏటన్నాదో తెలుసా? 'నన్ను ఎవులూ పిలవలేదమ్మీ' అన్నాది. పిలిచినారమ్మా, ఫోన్ తప్పు సదివినాది అంటే నమ్మదు. ఇరుగుపొరుగుతో మాటలు మానీసినాది. అక్షరాలన్నీ అందినాయే, ఒక్కటీ సెడలేదు. మాట అందలేదు. ఇదేటే?"

"లిపిని బట్టి భాష ఊహించింది" అన్నాను.

"ఊహించినాది!" అని బల్ల మీద కొట్టింది.

సరిగ్గా ఆ విషయమే మా బృందంలో నలుగుతోంది. ఇప్పుడు లోకంలోని లిపులన్నిటికీ కలిపి ఒకే పట్టిక వచ్చేసింది కదా, అక్షరం చూస్తే భాష తెలిసిపోతుంది, విడిగా చెప్పనక్కర్లేదు అని ఎక్కువమంది వాదన. అది తప్పని నేను అప్పటికే సుదీర్ఘంగా ఒక వ్యాసం రాసి పంపాను. ఆమెకి చూపించాను. పెదాలు కదుపుతూ ఆసాంతం చదివింది.

"బాగా రాసినావే. అన్నీ ఉన్నాయి. మనిసి లేడు."

తర్వాత తనే ఒక మెయిలు రాసింది. పలకరింపు లేదు, మర్యాద లేదు. మా అమ్మను వీధివాళ్లు పిలిచారు, ఫోన్ తప్పు చదివింది, ఆమె ఒంటరిగా తుఫానులో ఉండిపోయింది, మీ నియమం ఇలాగే ఉంటే రేపు కూడా ఉండిపోతుంది. అంతే మెయిలు. సాయంత్రానికి జవాబులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. నేను ఏళ్లుగా పేర్లు మాత్రమే చూసిన పెద్దలందరూ ఆమెను పేరు పెట్టి పలకరిస్తూ రాశారు. ప్రతి జవాబూ ఆమె నాకు పైకి చదివి వినిపించింది. నేను బాగుంది బాగుంది అంటూనే ఉన్నాను.

ఆ వారంలోనే ఆన్‌లైన్ సమావేశం పెట్టారు. కాలేజీ అయ్యాక ల్యాబులో ఇద్దరం ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ముందు నేను మాట్లాడాను. నా స్లైడ్లలో తప్పులేదు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఆమె చున్నీతో ఫోన్ తుడిచి, మైకు దగ్గర పెట్టి, వాళ్లమ్మకి వచ్చిన ఆ మెసేజీని ఫోన్‌తోనే చదివించింది. ఆ మెషీన్ గొంతు ఒందొరొమ్, తొలుపు అంటూ సాగింది. తర్వాత అదే మెసేజీని తన గొంతుతో చదివింది. తెలుగు ముక్క రానివాళ్లకి కూడా ఆ రెండూ ఒకటి కాదని తెలిసిపోయింది.

ఒకాయన మర్యాదగానే అడిగాడు. ఇలా రాసేవాళ్లు ఎంతమంది ఉంటారు, కొద్దిమంది కోసం అందరి మీదా భారం పెట్టాలా అని.

ఆమె తన ఇంగ్లీషులో, పర్లాకిమిడి యాసతోనే, "మీ ఇంట్లో పిల్లల ఫోన్లు తెరిచి చూడండి. వాళ్లు మీ భాషని మీ అక్షరాల్లోనే రాస్తున్నారా?" అంది.

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "మా మనవరాలు రాయదు" అన్నారు. మూడోవాడు తన భాష పేరు చెప్పాడు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. సమావేశం ముగిసేలోగా వాక్యం తయారైంది. పంపేవాడు భాష ఏదో, లిపి ఏదో విడివిడిగా చెప్పాలి. చెప్పినప్పుడు అందుకునేవాడు ఊహించకూడదు. ఆ వాక్యం దాదాపు మాటకి మాట నా వ్యాసంలో ఉంది. అధ్యక్షుడు దానికి ఆమెను అభినందించాడు.

ఆమె వెంటనే, "ఆ వాక్యం నాది కాదు. పక్కనున్న ఈమెది. మీరు చదవలేదు" అంది.

ఆయన క్షమించమన్నాడు. అందరూ నాకు చప్పట్లు కొట్టారు. అది ఇంకా కష్టంగా ఉంది. ఆమె గర్వంగా తన పేరిట ఉంచేసుకుని ఉంటే, హాయిగా కోపం తెచ్చుకునేదాన్ని. తన సంతోషంలో నా వాటా తీసి నా చేతిలో పెట్టింది. నాకు మొత్తం కావాలి.

ఆ నియమం ఫోన్లన్నిటిలోకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని వాళ్లమ్మ కోసం, వీధివాళ్ల కోసం తనే చిన్న యాప్ తయారుచేసింది. ఇటు నుంచి ఒరియా అక్షరాల్లో తెలుగు అని పేరు పెట్టి పంపితే, అటు ఫోన్ తెలుగు గొంతుతో చదువుతుంది. తెలుగు పలుకుబడి సరిచూసే పని నాన్నది. ఇద్దరూ వారాల తరబడి ముందు గదిలో ఆ గొంతుతో కుస్తీ పట్టారు. యాప్ పనిచేశాక, పాత మెసేజీని మళ్లీ ఆవిడకి వినిపించింది. "నీకోసం తలుపు తీసి ఉంచినాం" అన్నది విని ఆవిడ మళ్లీ పెట్టమందట. సాయంత్రం పక్కింటికి వెళ్లి కూర్చుందట. ఇదంతా నాకు చెప్పింది నాన్న.

మా జిల్లాలో కిడ్నీ జబ్బు కొత్తది కాదు. అది ఆమెకి వచ్చింది. స్కూటీ మానేసి ఆటోలో రావడం మొదలుపెట్టింది. తర్వాత రావడం మానేసింది. విశాఖపట్నం ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్లినప్పుడు మొహం ఉబ్బి ఉంది. గొంతు మాత్రం అలాగే ఉంది. వార్డులో అందరికీ వినబడేట్టు, "ఒలే, ఆ మెయిళ్ల పని ఇంక నువ్వే సూసుకోవాల" అంది.

"నా మాట ఎవరూ వినరు. నీకున్న గొంతు నాకు లేదు."

ఆమె దిండు మీద కాస్త పైకి జరిగింది.

"నా మీద నీకు కుళ్లు గదే?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "అవును" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చిన కొత్తలోంచి."

"ఓలమ్మో! మరి సెప్పలేదేటే? నాను ఊహించను గదా" అని పెద్దగా నవ్వి, దగ్గు తెచ్చుకుంది. నర్సు వచ్చి కోప్పడింది. నర్సు వెళ్లాక నా చెయ్యి పట్టుకుని, "పడితే పడ్డావు గానీ, అన్నం మానీకు. సిక్కిపోయినావు" అంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

సమాధుల దొడ్డికి నాన్ననీ తీసుకెళ్లాను. పాటలయ్యాక వాళ్లమ్మ నాన్న చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"పంతులుగారూ, మా అమ్మి ఆదివారాలన్నీ మీ కబుర్లే సెప్పీది. ఇంక నాకెవులు సెప్తారు? మీరు రాసినా నాను సదవలేను గదా, మీవి తెలుగు అక్షరాలు."

అక్షరాలేవైనా ఆ ఫోన్ చదివి పెడుతుందని చెబుదామని నోరు తెరిచాను. నాన్న నన్ను చూసి తల అడ్డంగా ఊపారు.

ఇంటికొచ్చాక, "ఒరియా అక్షరాల పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు.

పాతపట్నం నుంచి తెప్పించాను. పిల్లలు దిద్దుకునే పుస్తకం. ఎనభై దాటిన మనిషి, పొద్దున్న కాఫీ తాగి, కిటికీ దగ్గర కూర్చుని దిద్దడం మొదలుపెట్టారు. ఆ గుండ్రాలన్నీ ఒకేలా ఉన్నాయని విసుక్కునేవారు. నా చదువు కోసం ఎన్నడూ ఇంత కష్టపడలేదు ఈయన అని నాకు అనిపించింది. అనిపించకుండా ఎలా ఉంటుంది?

వేళ్లు కాస్త కుదిరాక ఫోన్‌లో ఒరియా కీబోర్డు పెట్టించుకుని, ఆవిడకి మొదటి మెసేజీ తనే కొట్టారు. ఆవిడకి ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. అది అడిగారు. దాని మీద భాషా లిపీ పేర్లు పెట్టి పంపింది నేను. కాసేపటికి ఆవిడ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది, స్పీకరు పెట్టాను. నవ్వుతోంది. మాట్లాడబోతుంది, మళ్లీ నవ్వుతుంది. కూతురు పోయాక ఆవిడ నవ్వడం మేం వినలేదు.

"పంతులుగారూ, ఏటండీ ఇది! 'మీ కల్లు ఎలా ఉన్నాయి' అని అడిగినారు. ఫోన్ సదివితే నమ్మలేక, అద్దాలెట్టుకుని నానే సూసినాను. నాను దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని. కల్లు ముట్టనండీ!"

కళ్లు అని రాయబోయి కల్లు అని రాశారు నాన్న. ఒక అక్షరానికి ఇంకో అక్షరం పడింది. నాకు తెలిసినంత కాలం ఆయన ఒకరి రాతలో తప్పు పట్టడమే గానీ, తన రాతలో తప్పుందని ఒప్పుకోగా వినలేదు. టైపు కొట్టడంలో పొరపాటంటారేమో, ఫోన్ మీద నెడతారేమో అని చూశాను.

"తప్పే తల్లీ" అన్నారు నాన్న. "ఓపాలి ఆగు, మళ్లీ రాసి పంపుతాను."

కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఫోన్ మీదకి వంగి, ఆ అక్షరం కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆయన నోటి నుంచి ఆ ఓపాలి, ఆ ఒప్పుకోలు మా స్నేహితురాళ్లిద్దరిలో విన్నది నేనొక్కదాన్నే. ఆమెకి దక్కకుండా నాకు దక్కింది ఇన్నేళ్లలో ఇదొక్కటే. అది మాత్రం ఆమెకి ఇచ్చెయ్యాలనిపించింది.